కమిషన్ ముందు లస్మవ్వ ఒట్టు

అధికారమంటే ఎవరికి చేదు? కోమలకూ తీపిగానే ఉండింది, ఈ పొద్దున కరీంనగర్‌లో కమిషన్ కుర్చీలో కూర్చునేదాకా. ఆ నేత, చేతివృత్తుల కమిషన్‌లో ఆమెతో కలిపి సభ్యులు ముగ్గురే. సర్కారు సాయం ఎవరికివ్వాలో వాళ్ళదే చివరి మాట. ఎవరినైనా పిలిపించవచ్చు, ఒట్టు పెట్టించి అడగవచ్చు, ఇచ్చింది వెనక్కి గుంజుకోవచ్చు. ఒక్కటే కట్టుబాటు: తమవాళ్ళ దరఖాస్తు వస్తే కూర్చోకూడదు, లేచి పోవాలి. ముగ్గురిలో ఒకరు లేచినా ఆ విచారణ అక్కడే ఆగిపోతుంది. ఈ ఏడాదికి ఇదే ఆఖరి రోజు మరి.

ఇప్పుడు ఎదుట నిలబడ్డది కోమల పుట్టింటి సంఘం. పాత మరమగ్గాల మీద బట్ట నేసి బతికే కుటుంబాలు. కొత్త మగ్గాలకు సాయం రాకపోతే దసరాకు మగ్గాల షెడ్డుకు తాళం వేస్తానని దాని యజమాని సేటు చెప్పేశాడు. తమ్ముడు పరశురాములు నిన్న ఫోన్లో ఒకటే బతిమాలుకోవడం. “అక్కా, నువ్వు నోరు మెదపకు. నేను మేడం అనే పిలుస్త. నీ పుట్టిల్లు ఏదో కమిషనోళ్ళకేం ఎర్క?” కోమల సరే అనలేదు. కాదనీ అనలేదు. తప్పంతా అక్కడే జరిగింది.

సంఘం తరఫున పరశురాములు బాగానే చెప్పుకొచ్చాడు. చైర్మన్ కరుణాకర్ తల ఊపాడు. హమ్మయ్య, గట్టెక్కామనుకుంది కోమల. అంతలో ఆయన సంఘం పెద్ద లస్మవ్వను ముందుకు పిలిచాడు. లస్మవ్వ అంటే కోమల కన్నతల్లే!

“అవ్వా, దేవుని మీద ఒట్టు పెట్టి చెప్పు. మా ముగ్గుర్ల నీకు చుట్టాలెవరన్న ఉన్నరా?” ప్రతి సంఘం పెద్దనూ అడిగే ప్రశ్నే అది.

అబద్ధపు ఒట్టు కన్నబిడ్డలకు తగులుతుందని నమ్మే మనిషి లస్మవ్వ. చిన్నప్పుడు ఆటకైనా ఒట్టు పెట్టనిచ్చేది కాదు. ఇప్పుడు చెయ్యి పైకెత్తి, నోరు విప్పకుండా నిలబడింది. కూతురి వంక చూడనైనా చూడలేదు. పరశురాములు మాత్రం కళ్ళతోనే తల్లిని తొందరపెడుతున్నాడు, లేరని చెప్పమని.

“ఏమవ్వా, గింత సేపా?” ఆదిలాబాద్ నుంచి వచ్చిన మూడో సభ్యురాలు మమతారాణి విసుక్కుంది.

నిజం చెబితే షెడ్డు పోతుంది. అబద్ధమాడితే అవ్వ చచ్చేదాకా కుమిలిపోతుంది. కోమల ఇక తట్టుకోలేక లేచింది.

“సార్, ఆమెను అడుగకుండ్రి. ఆమె నా కన్నతల్లి. పొద్దుగాలనే నేను చెప్పాల్సింది.”

హాల్లో గుసగుసలు లేచాయి. చైర్మన్ ఫైలు మూసేశాడు. సంఘం ఆశ వచ్చే ఏడాదికి వాయిదా పడింది.

బయట వరండాలో పరశురాములు మండిపడ్డాడు. “కొంప ముంచినవ్ గదా అక్కా! జర ఆగితే అవ్వ లేరని చెప్పేది.”

“ఎవలురా చెప్పేది?” లస్మవ్వ కసిరింది. “ఉన్నదనే చెప్తుంటి.”

కోమల తెల్లబోయింది. “మరెందుకు ఆగినవ్ అవ్వా?”

“నేను చెప్తే నువ్వు దొంగ లెక్క దొరికిపోతవ్ బిడ్డా. నీ అంతట నువ్వే లేస్తవని ఎదురుచూసిన.”

కోమలకు ఏడుపు ఆగలేదు. లస్మవ్వ కొంగుతో కూతురి కళ్ళు తుడిచి, కొడుకు వైపు తిరిగింది. “నడువ్‌రా, బస్సు పోతది. సేటు కాళ్ళు మొక్కి ఇంకో ఏడాది అడుక్కుందాం.”

ఇందాక ఒట్టుకు ఎత్తిన ఆ చేత్తోనే కొడుకు రెక్క పట్టుకుని వరండా మెట్లు దిగింది.