ముప్పై నాలుగు బిందెలు

నేను ఒక సిమెంటు తొట్టిని. పొడవు ఐదున్నర అడుగులు, వెడల్పు రెండున్నర, లోతు రెండుంపావు. నిండడానికి నలభై బిందెల నీళ్ళు పడతాయి. కొలతలు ముందే చెబుతున్నాను, ఎందుకంటే నేను చూసిన ఒక పెద్ద తగువు ఈ కొలతల దగ్గరే పుట్టింది, ఈ కొలతల దగ్గరే తీరింది.

నన్ను పోసింది కోటిలింగం మేస్త్రీ, 1984లో, చినమద్దిపాలెం అడ్డరోడ్డు దగ్గర. ఆయన జీవితమంతా నూతి వరలు పోశాడు. గుండ్రంగా తప్ప పోయడం ఎరగడు. వీరాస్వామి గారు వచ్చి మూడు గేదెలు ఒకేసారి మూతులు పెట్టేలా పొడుగ్గా కావాలన్నప్పుడు, ఇంటి వెనక పడి ఉన్న పాత తలుపు చెక్కలు బిగించి అచ్చు కట్టాడు. అందుకే నా లోపలి గోడ మీద ఇప్పటికీ తలుపు గడియ గుర్తు ఉంది.

ఏడేళ్ళు నేను కుడితి తొట్టిని. గంజి, తవుడు, తెలగపిండి, బియ్యం కడిగిన నీళ్ళు. గేదెలకు నా విషయంలో అభిప్రాయ భేదాలు లేవు. వచ్చేవి, తాగేవి, వెళ్ళేవి. రోజూ పొద్దున నన్ను కడిగేది దీనమ్మ. వీరాస్వామి గారి కొట్టంలో పేడ తీసి, చెత్త ఊడ్చి, చివర్లో నా దగ్గరికి వచ్చి కొబ్బరి పీచుతో తోమేది. గడియ గుర్తులో పాచి పేరుకునేది. అక్కడ వేలు పెట్టి మరీ గీకేది. తర్వాత నన్ను చాలామంది కడిగారు కాని, ఆ గుర్తులో వేలు పెట్టినవాళ్ళు లేరు.

1991లో వీరాస్వామి గారు గేదెల్ని అమ్మి ఎరువుల కొట్టు పెట్టారు. అదే వేసవిలో దీనమ్మ వెళ్ళే క్రైస్తవ సంఘానికి ఒక ఇబ్బంది వచ్చింది. ఆ సంఘంలో బాప్తిస్మమంటే మనిషిని నీళ్ళలో పూర్తిగా ముంచి లేపాలి. ఏటా ఊరి కాలవలో ముంచేవాళ్ళు. ఆ ఏడు ఏప్రిల్లోనే కాలవ కట్టేశారు. పదకొండుమంది సిద్ధంగా ఉన్నారు, నీళ్ళు లేవు. నా సంగతి చెప్పింది దీనమ్మే. పాస్టరు ఏబేలు అయ్యగారు వచ్చి మొహమాటపడుతూ అడిగారు.

వీరాస్వామి గారు నవ్వారు. "మా గేదెలు తాగిన తొట్టి మీ దేవుడికి అడ్డం కాకపోతే నాకేం అడ్డమండీ? పట్టుకెళ్ళండి. మోసేవాళ్ళని మాత్రం మీరే చూసుకోండి."

ట్రాక్టరు మీద తీసుకెళ్ళి సంఘం ఆవరణలో, కిటికీ పక్కన దించారు. కొందరు మూతి విరిచారు.

"కుడితి తొట్టిలో బాప్తిస్మమేంటి అయ్యగారూ? పక్క సంఘంవాళ్ళు నవ్వరా?"

"పశువుల పాకలో ప్రభువు పుట్టగానే ఆయన్ని పడుకోబెట్టింది దేంట్లో అమ్మా?" అన్నారు ఏబేలు అయ్యగారు. "అప్పుడు నవ్వినవాళ్ళుంటే వాళ్ళ పేర్లు మనకు తెలీదు." ఆ మాట అక్కడితో ఆగింది.

బాప్తిస్మాలు ఏడాదికి ఒకటి రెండు రోజులు. మిగతా రోజుల్లో నా మీద నాలుగు చెక్కలు పరిచేవాళ్ళు. వాటి మీద సంఘపెద్దలు కూర్చునేవాళ్ళు. నేను నేర్చుకున్న వేదాంతమంతా ఆ చెక్కల సందుల్లోంచి దిగిందే. రక్షణ పొందినవాడు దాన్ని పోగొట్టుకోగలడా? ఎవరు రక్షణ పొందాలో లోకం పుట్టకముందే దేవుడు ఏర్పరచుకున్నాడా, లేక మనిషి ఒప్పుకోవడంలో ఉందా? ప్రభువు రెండో రాకడ, లోకం చివర్లో వచ్చే శ్రమల కాలానికి ముందా, తర్వాతా? ఈ చివరి ప్రశ్న మీద ఇద్దరు అన్నదమ్ములు ఏడాదిన్నర మాట్లాడుకోలేదు. ఆ ఏడాదిన్నరలో ప్రభువు రాలేదు. వచ్చి ఉంటే ఇద్దర్నీ ఒకే మేఘం మీద ఎక్కించడం ఆయనకు కష్టమయ్యేది.

అందరూ ఒప్పుకునే మాట ఒకటి ఉండేది. మనిషిని రక్షించేది దేవుడి కృపే, మనిషి చేసిన పని కాదు. దాని మీద ఎవరూ గొంతు పెంచలేదు. బహుశా అందుకే దాని గురించి ఎక్కువ మాట్లాడుకోలేదు.

1993 మే రెండో ఆదివారం జక్కరయ్య నాలోకి దిగాడు. వయసు ఇరవై ఆరు. కొత్తగా బడిపంతులు ఉద్యోగం వచ్చింది. ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. నా పొడవు మళ్ళీ చెప్పక్కర్లేదు. ఏబేలు అయ్యగారు ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టి వెనక్కి వాల్చారు. తల మునిగింది, భుజాలు మునిగాయి. మోకాళ్ళు మడతపడి నీళ్ళ పైకి మూడంగుళాలు లేచాయి. అయ్యగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. సంఘం పాడుతూ జక్కరయ్య మొహం వైపు చూస్తోంది. క్షణంలో లేపేశారు. అందరూ హల్లెలూయ అన్నారు. మోకాళ్ళు చూసింది ఇద్దరం: నేను, తువ్వాలు పట్టుకుని అతని కాళ్ళ వైపు నిలబడ్డ దీనమ్మ. జక్కరయ్య చూడలేదు. చూడకుండానే అతనికి తెలిసింది.

దీనమ్మ మాత్రం నాలోకి ఎప్పుడూ దిగలేదు. ఆమె పుట్టిన ఊరికి ఎనిమిది మైళ్ళ దూరంలో మిషన్ సంఘం ఉండేది. అక్కడ పసిపిల్లలకే నెత్తిన నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. పుట్టిన ఇరవై ఒకటో రోజున, జ్వరంతో ఉన్న బిడ్డని ఎత్తుకుని వాళ్ళమ్మ కాలవ కట్ట వెంబడి ఆ ఎనిమిది మైళ్ళూ నడిచింది. దీనమ్మకి ఏడేళ్ళప్పుడు ఆ తల్లి పోయింది. ఏబేలు అయ్యగారు ఒకసారి అడిగారు, మా పద్ధతిలో మునుగుతావా అని.

"మళ్ళీ మునిగితే మా అమ్మ చేసింది ఉత్తదని నేనే చెప్పినట్టు గదా అయ్యగారూ?" అంది.

ఆయన మళ్ళీ అడగలేదు. నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఇచ్చేవారు. రొట్టె ముక్క, గిన్నెలో ద్రాక్షరసం. అందరితో పాటు ఆమెకూ ఇచ్చేవారు.

2006లో ఏబేలు అయ్యగారు చనిపోయారు. జక్కరయ్య పంతులు గారు సంఘపెద్ద అయ్యారు. ఎవరింట్లో జబ్బు చేసినా ఆ గుమ్మంలో ముందు కనిపించేది ఆయన సైకిలే. కాని ఒక్క విషయంలో ఆయన పట్టు వదల్లేదు. సంపూర్ణంగా మునిగినవాళ్ళకే బల్ల. సంఘం పుస్తకంలో తీర్మానం రాయించారు. "బాప్తిస్మమంటే పాత మనిషికి సమాధి. పూడ్చేటప్పుడు కాలు బయటపెట్టి పూడుస్తామా?" అని ప్రసంగాల్లో అడిగేవారు. ఆ మాట దగ్గర ఆయన గొంతు కొంచెం తగ్గేది. అది గమనించాలంటే ఏళ్ళ తరబడి కిటికీ పక్కన ఉండాలి.

అప్పటినుంచి బల్ల వేళకి దీనమ్మ లేచి బయటికి వచ్చేది. నా చెక్కల మీద కూర్చునేది. లోపల పాట అయ్యేదాకా పెదవులు కదుపుతూ ఏదో గొణిగేది. ఒక పేరు మాత్రం నాకు వినపడేది: జక్కరయ్య. పాపం, దేవుడికి ఫిర్యాదు చేస్తోంది అనుకున్నాను. అలా పదహారేళ్ళు.

మధ్యలో సంఘం లోపల పలకరాళ్ళతో, మెట్లతో కొత్త తొట్టి కట్టారు. నేను ఉత్త అరుగునయ్యాను.

2022 ఫిబ్రవరిలో దీనమ్మ జారిపడింది. తుంటి విరిగింది. గుండె కూడా బాగా లేదని డాక్టర్లు చెప్పారు. వయసు డెబ్బై నాలుగు. కొత్త పాస్టరు ఫినెహాసు గారు చూడటానికి వెళితే ఆమె ఒకటే అడిగిందట: "ఒక్కసారి బల్ల తీసుకుని పోతాను అయ్యగారూ." ఆయన ఆ మాట మోసుకొచ్చి శనివారం సాయంత్రం పెద్దల ముందు పెట్టారు. నా మీదే కూర్చున్నారు. పాస్టరు గారు, పంతులు గారు, ఎలక్ట్రీషియన్ తీతు.

"పంతులుగారూ, ఆవిడకి విశ్వాసం ఉందా లేదా, అది చెప్పండి ముందు," అన్నారు ఫినెహాసు గారు.

"ఉంది. నాకంటే ఎక్కువే ఉంది. ఉన్నవాళ్ళు లోబడాలి గదండీ."

"ప్రభువు పక్కన సిలువ మీదే పరలోకం పొందిన దొంగ ఎక్కడ మునిగాడండీ?"

"మేకులు కొట్టేశారు గనక మునగలేదు. కిందికి దింపి ఉంటే మొట్టమొదట మునిగేవాడు అతనే."

"దింపితే మునిగేవాడో, మళ్ళీ దొంగతనానికి పోయేవాడో మనకేం తెలుసు పంతులుగారూ?" అన్నాడు తీతు.

"నవ్వులాట కాదు తీతూ. ఇవాళ ఈవిడ కోసం గీత చెరిపితే రేపు ఇంకొకళ్ళ కోసం చెరపాలి. దేవుడి ముందు నిలబడి జవాబు చెప్పుకోవాల్సింది నేను."

"ఆవిడ మనకంటే ముందే నిలబడేట్టుంది," అన్నారు ఫినెహాసు గారు. "నీకు బల్ల ఎందుకు ఇవ్వలేదని దేవుడు ఆవిణ్ణి అడిగితే ఏం చెబుతుంది?"

తీతు నా అంచు మీద చేత్తో కొట్టాడు. "లోపలి తొట్టికి మెట్లున్నాయి, ఆవిడ దిగలేదు. ఇదుందిగా. కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీతో పాటే మెల్లగా ముంచుదాం."

"ఒప్పుకుంటే అలాగే," అన్నారు పంతులు గారు.

"ఒప్పుకోకపోతే?" అన్నారు ఫినెహాసు గారు.

పంతులు గారు లేచి సైకిలు తీశారు.

ఆదివారం పొద్దున నా మీది చెక్కలు తీశారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆకాశం చూశాను. తీతు మోటారు పైపు నాలో వేశాడు. పంతులు గారు పక్కనే నిలబడ్డారు. "అంచు దాకా రానియ్యి. ఇంకా. ఇంకా కొంచెం." నీళ్ళు అంచు దాటి నా చుట్టూ నేలంతా బురద చేశాయి. దీనమ్మని ప్లాస్టిక్ కుర్చీలో ఇద్దరు మోసుకొచ్చి నా పక్కన దించారు. ఆమె నీళ్ళలో చెయ్యి పెట్టి, లోపలి గోడ తడిమి, గడియ గుర్తులో వేలు పెట్టింది.

"ఇంకా ఉందే ఇది," అంది.

నాకు నోరుంటే ఆ క్షణాన వందనాలు చెప్పి ఉండేవాణ్ణి.

"దీనమ్మా," అన్నారు పంతులు గారు. "నీ ఇష్టం లేకుండా ఏమీ చెయ్యం. నువ్వు ఊ అంటే ఇప్పుడే బాప్తిస్మం, పది నిమిషాల్లో బల్ల."

"బల్ల కావాలయ్యా. పదహారేళ్ళయింది. కానీ మా అమ్మ నడిచిన నడక ఉత్తదేనని నా నోటితో అనలేను." ఆమె పొర్లిపోతున్న నీళ్ళ వైపు చూసి నవ్వింది. "అయినా అంచు దాకా ఎందుకయ్యా ఇన్ని నీళ్ళు? నేనేమన్నా నీ అంత పొడుగున్నానా?"

నా అంచు మీద ఉన్న ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి.

"నువ్వు చూశావా?" అన్నారు, చాలా మెల్లగా.

"తువ్వాలు పట్టుకుంది నేనేగా."

"ఇరవై తొమ్మిదేళ్ళు. నిన్ను బల్ల దగ్గర్నించి లేపినప్పుడైనా అడగొచ్చుగా, నీ మోకాళ్ళ సంగతేంటని?"

"ఎట్టా అడుగుతానయ్యా, తప్పు నాదైతే? ఏబేలు అయ్యగారు నలభై బిందెలు పొయ్యమన్నారు. ఆ పొద్దున నాకు నడుం పట్టేసింది. ముప్పై నాలుగు పోసి, చాల్లే అనుకున్నా. నిన్ను ముంచినప్పుడు తెలిసింది చాల్లేదని. అప్పట్నించీ అడుగుతానే ఉన్నా. ప్రభువా, నీళ్ళు తక్కువ పోసింది నేను, ఆ పిల్లోణ్ణేమీ అనబాక, లోపలికి రానియ్యి అని."

ఫిర్యాదు అనుకున్నాను నేను. పదహారేళ్ళు నా మీద కూర్చుని, తనని బయటికి పంపిన మనిషిని లోపలికి రానిమ్మని అడిగిందన్నమాట. ఇంత దగ్గరగా ఉండి కూడా నాకు వినడం రాలేదు.

పంతులు గారు తల వంచుకున్నారు. "ఏటా కాలవ వదలంగానే తెల్లారేసరికి పోయి ఒక్కణ్ణే మునిగేవాణ్ణమ్మా. ఎన్నిసార్లు మునిగినా చాలిందనిపించలేదు."

"చాలింది లేవయ్యా," అంది దీనమ్మ. "ఎప్పుడో చాలింది."

లోపల బల్ల పాట మొదలైంది. ఫినెహాసు గారు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. పంతులు గారు లోపలికి వెళ్ళారు. తిరిగి వచ్చినప్పుడు ఆయన ఒక చేతిలో రొట్టె పళ్ళెం, ఇంకో చేతిలో గిన్నె ఉన్నాయి. కుర్చీ పొట్టిది, ఆయన పొడుగు. వంగితే అందలేదు. బురదలో మోకరించారు. రొట్టె ఆమె చేతిలో పెట్టారు. గిన్నె ఆమె అందుకునేటప్పుడు అడుగున తన చెయ్యి పెట్టారు. ఆమె తాగింది.

"వందనాలయ్యా," అంది.

తీతు తీర్మానాల పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. "పంతులుగారూ, ఏమని రాయమంటారు?"

"దీనమ్మ గారు బల్ల తీసుకున్నారని రాయి."

"మరి పాత తీర్మానం?"

"దాని గురించి కూర్చుని మాట్లాడదాం," అని ఆయన లేచారు. తెల్ల ప్యాంటు రెండు మోకాళ్ళ దగ్గరా తడిసి ఉంది.

దీనమ్మ ఆ జూలైలో చనిపోయింది. అప్పటిదాకా ప్రతి నెలా ఆమె బల్ల తీసుకుంది. నాలుగు కుటుంబాలు మాకిది సమ్మతం కాదని వేరే సంఘానికి వెళ్ళాయి. పాత తీర్మానం గురించి ఇంకా కూర్చుని మాట్లాడుతూనే ఉన్నారు. పంతులు గారు ఇప్పటికీ మునగడమే సరైన పద్ధతి అంటారు. ఫినెహాసు గారు కాదనరు. సమాధిలో కాలు బయటపెట్టే మాట మాత్రం పంతులు గారి ప్రసంగంలో మళ్ళీ రాలేదు.

నాలో దిగి లేచినవాళ్ళు నూట అరవై ముగ్గురు. లేచిన ప్రతివాళ్ళ మొహాలూ నాకు గుర్తున్నాయి. నీళ్ళు పట్టి ఉంచడం తప్ప నేను చేసిందేమీ లేదు. దానికే ఇంత చూడనిచ్చారు. గేదెలకీ, కోటిలింగం మేస్త్రీ పాత తలుపుకీ, కొబ్బరి పీచు పట్టిన ఆ చేతికీ నా వందనాలు.

పోయిన ఏడాది నా అంచు కింద బీట ఇచ్చింది. ఎంత పోసినా పైన జానెడు ఖాళీగానే ఉంటుంది. చెక్కలు ఇప్పుడు వేపచెట్టు కిందికి మార్చారు. మధ్యాహ్నాలు తీతు మేకలు వచ్చి నాలో మూతులు పెడతాయి. వాటికి చాలుతోంది.