తరుగు కలిపిన గట్టు

కానిస్టేబుల్ పరీక్షలో పోయినసారి నేను ఆరు సెకన్లు ఆలస్యంగా గీత దాటాను. ఆడపిల్లలు పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి. ఆరు సెకన్లకే నా పేరు కొట్టేశారు. ఇక మిగిలింది ఒక్క అవకాశం, ఆ తర్వాత వయసు దాటిపోతుంది.

పరుగెత్తడానికి ఎమ్మిగనూరులో చోటు వెతుక్కోవడం ఇంకో పరీక్ష. కాలేజీ మైదానంలో క్రికెట్ ఆడేవాళ్లు బంతి నావైపు వస్తే నన్నే తెచ్చిమ్మనేవారు. ఆదోని రోడ్డు ఎక్కితే పత్తి లారీల దుమ్ము. చివరికి కాలువ గట్టు చూపించింది మా ఎదురింటి దేవేంద్రప్ప తాత. యాభై ఏళ్లుగా మగ్గం నేస్తున్న మనిషి. గట్టు పొడవునా కానుగ చెట్ల నీడ, కింద మెత్తటి మట్టి. మోకాళ్లకు ప్రాణం లేచొచ్చింది.

మరి దూరం తెలిసేదెలా? ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోను మా అన్న వీరేష్‌తో ఆదోని మిల్లుకు పోతుంది. నాది బటన్ల ఫోను, టైము చూసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆ సంగతి విన్న తాత, నేను కోచింగుకు పోయిన రోజు, ఇరవై మీటర్ల నూలు తాడు పట్టుకుని ఒక్కడే గట్టెక్కాడు. తూము దగ్గర నుంచి నలభై తాళ్లకు ఎనిమిది వందలు, ఎనభై తాళ్లకు పదహారు వందలు, రెండు వందల యాభై తాళ్లకు ఐదు కిలోమీటర్లు. మూడు చోట్లా రాళ్లకు సున్నం పూశాడు. ఆ వయసులో నాకోసం అన్నిసార్లు నడుం వంచిన మనిషి ఇంకొకరు లేరు.

సోమవారం మొదటి రాయి దాకా వేగంగా, బుధ, శుక్రవారాలు నడిమి రాయి, ఆదివారం ఓపిక కోసం చివరి రాయి. నాలుగు నెలలు ఒక్క వారం తప్పలేదు. కానీ నడిమి రాయి చేరేసరికి ఎప్పుడు చూసినా పది నిమిషాల యాభై సెకన్లే. పోయినసారికంటే దిగజారానని ఏడుపొచ్చేది. తాతకు మాత్రం చెప్పలేదు, పాపం అంత కష్టపడి కొలిచాడని. పరీక్షకు పోకుండా మానేద్దామని కూడా అనుకున్నాను. మొండితనం కొద్దీ పోయాను.

కర్నూలు మైదానంలో నేను ఇంకా పరుగు ఉందనుకుంటుండగానే గీత వచ్చేసింది. పది నిమిషాల పద్నాలుగు సెకన్లు. గడియారం పట్టుకున్నాయన్ని రెండుసార్లు అడిగాను. రెండోసారి ఆయన విసుక్కున్నాడు.

మిఠాయి పంచిన వారానికి వానకు సున్నం రాళ్లు కాలువలోకి జారిపోయాయి. పక్క వీధి పర్వీన్ కూడా పరీక్షకు తయారవుతోంది. ఆమె కోసం తాత మళ్లీ తాడు తీశాడు. ఈసారి రెండో కొస నేను పట్టుకున్నాను, పర్వీన్ పక్కనే నిలబడి చూస్తోంది. మొదటి తాడు పరిచాడు. కొస దగ్గర ఆగకుండా, ఇంకో రెండు మూరలు చేత్తో కొలిచి అక్కడ గీత గీశాడు. రెండో తాడుకూ అంతే.

"తాతా, ఆ రెండు మూరలు ఎందుకు?"

"తరుగుకు మా. పడుగు కొలిసేటప్పుడు అట్లే కదా పెడతాము. నేసేటప్పుడు ఎంతో కొంత పోతాది..."

మాట సగంలో ఆగిపోయింది. నేల తరగదని ఆయనకప్పుడు తట్టింది. ఎనభై తాళ్లకు ఎనభై సార్లు రెండు మూరలు. తాత ముఖం చిన్నబోయింది.

"నాలుగు నెల్లు నీతో ఉత్తపుణ్యానికి ఎక్కువ పరిగెత్తించినానే మా. నువ్వన్నా ఒక్క మాట సెప్పకపోతివి."

నేను గట్టు మీద కూలబడి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. ఆయన చేతి అలవాటే నాకు ఉద్యోగానికి దారి చూపించింది. లేచి ఆయన కాళ్లకు దండం పెట్టాను. నా కృతజ్ఞత చెప్పడానికి నాకు ఇంకేమీ తోచలేదు.

తాతకు మాత్రం సిగ్గు పోలేదు. మళ్లీ మొదటినుంచి సరిగ్గా కొలుస్తానని తాడు చుట్టబోయాడు. అంతసేపూ వేళ్ల మీద లెక్క వేసుకుంటున్న పర్వీన్ తాడు మీద కాలు పెట్టింది.

"నాకూ తరుగు కలిపే కొలువు తాతా."

తాత నావైపు చూశాడు. నేను తాడు కొస పట్టుకుని, రెండు మూరలు ముందుకు జరిగి కూర్చున్నాను.