అత్తగారి డబ్బాలో పెసలు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, నా మోకాలికి ఆనుకుని కూర్చో. పెసలు మొలకెత్తని ఇంటి సంగతి చెబుతాను. ఆ ఇల్లు మా అత్తగారిదే.

నేను కాపురానికి వచ్చిన రెండో నెలలో మొలకల కూర చేస్తానన్నాను.

"మొలకలా? మనింట్లో అవి రావమ్మా. నా చెయ్యి మంచిది కాదని మా అత్తగారు ఏనాడో తేల్చేశారు" అన్నారు అత్తగారు.

నేను వింటేనా! డబ్బాలోంచి గుప్పెడు పెసలు తీసి పొద్దున నానబోసి, సాయంత్రం నీళ్ళు వంచి, తడిగుడ్డలో మూటకట్టి పంపు పక్కన మేకుకు తగిలించాను. మర్నాడు విప్పితే పెసలు ఉబ్బాయి గానీ ఒక్కదానికీ తోక లేదు. మూడోనాటికి జిగురు, వాసన.

మా ఆడపడుచు ముక్కు మూసుకుంది. "అమ్మ చేతికి జోడీ దొరికింది! ఇంక ఏ మొక్కనీ ముట్టుకోకు వదినా, మాడిపోతుంది."

నవ్వుతూనే అంది, నాకు మాత్రం గుచ్చుకుంది. ఆ పేరు ఒకసారి అంటుకుంటే వదలదని అత్తగారిని చూస్తేనే తెలుస్తోంది. కిటికీలో కుండీకి కూడా ఆవిడ నీళ్ళు పోసేవారు కాదు, మామగారిచేత పోయించేవారు.

అసలు ఎందుకు రావు? నాకు అదే ధ్యాస అయిపోయింది. నీళ్ళు మార్చాను, గుడ్డ మార్చాను. చివరికి పక్కింటి కుట్టుపనావిడను అడిగి కాసిని పెసలు తెచ్చి, సగం దాచి, సగం నానబెట్టాను. వాటి పక్కనే మావీ. అవే నీళ్ళు, ఒకే పాతచీర చింపిన గుడ్డలు, ఇదే చెయ్యి. రెండోనాటి పొద్దున ఆవిడ పెసలకు తెల్లటి తోకలొచ్చాయి. మావి అలిగిన అల్లుళ్ళలా కదలక మెదలక కూర్చున్నాయి.

డబ్బాలోంచి ఒక గింజ తీసి కొరికాను. పటుక్కున విరిగింది, కమ్మగా ఉంది. పచ్చి పెసలు అలా ఉండవే!

"అత్తయ్యా, వీటినేం చేశారు?"

"ఏం చేస్తానే? పురుగు పట్టకుండా, కొన్నరోజే మూకుట్లో వేయించి పోస్తాను. మా అత్తగారే నేర్పారు."

"వేయించిన గింజ మొలుస్తుందా అత్తయ్యా!"

ఆవిడ విప్పిన రెండు మూటల్లోంచీ ఒక్కో గింజ తీసి అరచేతిలో పెట్టుకున్నారు. "అయితే ముప్ఫై ఏళ్ళుగా ఊరికే తిట్టుకున్నానా ఈ చేతిని?" అన్నారు.

"వేయించమన్నదీ నాయనమ్మే, నీ చెయ్యి మంచిది కాదన్నదీ నాయనమ్మే! భలే ఉందమ్మా" అంది ఆడపడుచు.

దాచిన పెసలను ఆరోజు అత్తగారే నానబోశారు. మూట కట్టాక గంటకోసారి విప్పి చూడడమే.

"ఊరికే విప్పితే ఆరిపోతాయి అత్తయ్యా!"

"ఒక్కసారేనే, ఉండు."

తోకలొచ్చిన పొద్దున నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, గడప దాటి వెళ్ళి, పక్కింటి ముందు వీధిలోనే నిలబడి కుట్టుపనావిడకు చూపించారు. ఆవిడ మిషను ఆపి మరీ చూసింది. తర్వాత అత్తగారు నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి, మొలకలు వేసి, నీళ్ళు చిలకరించి మూతపెట్టారు. ఇంకా పంటికింద కరకరలాడుతుండగానే దించి నిమ్మకాయ పిండారు. నన్ను గరిటె ముట్టుకోనివ్వలేదు.

ఇది గుర్తుపెట్టుకో తల్లీ. రేపు నీ పిల్లలకు చెప్పు. చెప్పేటప్పుడు తొందరలో మిగతావి మరిచినా, మా అత్తగారు వీధిలో నిలబడి అరచెయ్యి చాపి నవ్వారే, అది మాత్రం వదిలెయ్యకు.