కాశీరావు ఓటమికి వన్స్ మోర్

ఉయ్యూరు ఫంక్షన్ హాల్లో నేను కుస్తీ షోలు వేస్తాను. ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందే రాసేది నేనేనని జనానికి తెలుసు. తెలిసీ టికెట్ కొంటారు. కొన్నాక కథ ఎలా రాయాలో నాకే నేర్పుతారు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

వీళ్ళందరికీ పెద్ద రామ్మూర్తి మాస్టారు. పటమటలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. అభిమానుల వాట్సాప్ గ్రూపు నడిపేది ఆయనే. షో అయిన మర్నాడు నా కథలో తప్పులన్నీ ఏకరువు పెడుతూ వాయిస్ మెసేజ్ పంపిస్తారు. అది వింటే నాకు కాఫీ సహించదు.

ఈసారి గొడవ కాశీరావు గురించి. నాగాయలంక వైపు చేపలు పట్టుకునేవాళ్ళ కుర్రాడు, మా షోలో విలన్. రింగులో పేరు దివిసీమ దెయ్యం. చేరిన నాటినుంచీ ఓడిపోవడమే వాడి పని. మోకాళ్ళు అరిగిపోయి ఇక మానేస్తున్నాడు. ఆఖరి ఆటకి వాళ్ళమ్మ కొండలమ్మ మొదటిసారి వస్తోందని చెప్పి, “అమ్మ ముందు పరువు దక్కితే చాలండీ” అన్నాడు. అప్పటికప్పుడు కథ మార్చేశాను. హీరో కిరీటిని వాడు ఓడించాలి, గెలిచినవాడికిచ్చే బెల్టు కట్టుకోవాలి.

ఈ సంగతి మాస్టారి చెవిన ఎవరు వేశారో గానీ, తెల్లారేసరికి మా ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాశీరావు ఎంత బాగా ఓడిపోతాడో చూడ్డానికే జనం వస్తారని, గెలవడం వాడికి చేతకాదని వాదించారు.

“రాక్షసుడు చావకపోతే పండగెక్కడిదండీ, విశ్వేశ్వర్ గారూ?”

“కథ మీదా, నాదా?” అని ఆయన్ని పంపించేశాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ మరి.

ఆట రోజు కొండలమ్మను ముందు వరసలో కూర్చోబెట్టి, పక్కనే నేను కూర్చున్నాను. కాశీరావు నేను రాసినట్టే కిరీటిని పడగొట్టాడు. పడగొట్టాక ఏం చెయ్యాలో తెలియక, బస్సు దిగి దారి మరిచినవాడిలా నా వైపు చూశాడు. రిఫరీ మూడు లెక్కపెట్టి బెల్టు చేతికిచ్చాడు. హాలంతా చప్పుడు లేదు. వెనక ఎవరో దగ్గారు.

కొండలమ్మ నా చెయ్యి పట్టుకుంది. “మావోడు ఓడిపోయాడా బాబూ? ఒక్కళ్ళూ చప్పట్లు కొట్టరేంటి?”

ఆ మాట రింగులోకి వినపడింది. కాశీరావు తల దించుకున్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అప్పుడు మాస్టారు లేచి, “వన్స్ మోర్” అన్నారు. మా వైపు నాటకాల్లో పద్యం నచ్చితే చచ్చినవాడైనా లేచి మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. జనం ఆ మాట అందుకున్నారు. ఈసారి ముగింపు మాత్రం సరిగ్గా ఉండాలని మాస్టారు కుర్చీ ఎక్కి మరీ ప్రకటించారు. వీల్లేదని నేను చెయ్యి ఊపాను. ఎన్నడూ నా మాట జవదాటని కాశీరావు నా వైపే చూడలేదు. బెల్టు కిరీటి నడుముకి తనే కట్టి, గుండె చూపించి, “కొట్టు” అన్నాడు.

కిరీటి కొట్టాడు. అబ్బ, ఏం పడ్డాడండీ! తాళ్ళు పట్టుకుని రింగు చుట్టూ తూలాడు, మంచినీళ్ళడిగాడు, గ్లాసు అందేలోపే ఒరిగాడు, సగం లేచాడు, మళ్ళీ కూలాడు. హాలు దద్దరిల్లింది. వన్స్ మోర్. మళ్ళీ పడ్డాడు. ఇంకో వన్స్ మోర్. రిఫరీ లెక్క మానేసి కళ్ళు తుడుచుకున్నాడు. నేను రాసిందంతా మంట గలిసిపోతుంటే నా రెండు చేతులూ సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాయి.

జనం కాశీరావును భుజాల మీద ఎత్తుకుని బయటికి తీసుకుపోయారు. కొండలమ్మ ఆనందంతో ఏడుస్తూ లేచింది. కొడుకు వెనక వెళ్తుందనుకున్నాను. రింగు దగ్గర ఒక్కడే మిగిలిపోయిన కిరీటి దగ్గరికెళ్ళి తల నిమిరింది.

“బాధపడకు నాయనా. రోజులన్నీ ఒక్కలా ఉంటాయా? వచ్చేసారి నువ్వూ గెలుస్తావులే.”

కిరీటి నడుమునున్న బెల్టుని రెండు చేతులతో కప్పుకుని, “అలాగేనమ్మా” అన్నాడు.