కర్టెన్ మీద కుట్టిన మాట

మా నగరం అందాన్ని చెడగొడుతున్నది మా ఇంటి ముందరి మురుగు కాలువ కాదనీ, మా అత్తయ్య కిటికీకి వేలాడదీసిన గుడ్డ అనీ నగర కార్యాలయం వాళ్లు చెప్పేదాకా మాకు తెలియదు. తెలియకపోవడం మా తప్పే. చదువుకున్నవాళ్లు చెబితే గాని అందం సంగతి మాబోటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

అత్తయ్య ఇంటి ముందు గదిలో కుట్టు దుకాణం నడుపుతుంది. నేను కాజాలు కుడతాను, గుండీలు వేస్తాను. మామయ్య బస్సు కండక్టరు. కిందటి వానాకాలం దాకా అన్నమాట. అప్పట్లో ఒకరోజు కాలువ పొంగి రోడ్డేదో కాలువేదో తెలియకుండా పోయింది. డ్యూటీకని గుమ్మం దిగిన మామయ్య తిన్నగా అందులోకి దిగాడు. తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి పంపించారు, చంక కింద కర్ర వచ్చింది. గుమ్మానికీ రోడ్డుకీ మధ్య ఉన్న దారల్లా కాలువ మీద వేసిన ఒక చెక్క. దాని మీద మనిషి పడతాడు, లేదా కర్ర పడుతుంది. రెండూ కలిసి పట్టవు. వెనకవైపు వేరేవాళ్ల గోడ. అప్పటినుంచి మామయ్య గుమ్మం దాటలేదు.

బస్సంతా వినేలా మాట్లాడిన మనిషికి ఇప్పుడు మేమిద్దరమే మిగిలాం. నేనా, పలకను. అత్తయ్య మిషను చప్పుడులో సగం మాటలు వినపడవు. అందుకని ఆయన కిటికీ పక్కన కూర్చుని రోడ్డు మీద వెళ్లేవాళ్లను పిలిచి మరీ ఎక్కడికి వెళుతున్నారని అడిగేవాడు. వాళ్లు చెప్పి వెళ్లిపోయేవాళ్లు. కొన్నాళ్లకు పిలవడం మానేశాడు. అత్తయ్యకు భయం వేసింది అక్కడే. తుంటి విరిగినప్పుడు కూడా ఆవిడ అంత భయపడలేదు.

కాలువ మీద మూత వేయమని ఆవిడ కార్యాలయం చుట్టూ తిరిగింది. పరిశీలనలో ఉందన్నారు. పరిశీలించడానికి మాత్రం ఎవరూ రాలేదు. ఎన్నికలు వచ్చాయి గనక మా వార్డు సభ్యుడు వచ్చాడు. వీధిలో అందరూ ఆయన్ని నవ్వుల సారు అంటారు. పోయినవాళ్లను చూడడానికి వచ్చినా ఆయన ముఖం మీద ఆ నవ్వు చెరగదు.

"అక్కా, ఈసారి కూడా మన ఇంటి ఓట్లు మనకే కదా?" అన్నాడు, రోడ్డు మీదే నిలబడి.

"లోపలికి రండి, మాట్లాడుకుందాం."

ఆయన చెక్కను చూశాడు. కాలువను చూశాడు. "ఇంకా చాలా ఇళ్లు తిరగాలక్కా," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అత్తయ్య పాత కర్టెన్ ఒకటి తీసింది. ప్యాంటు జేబులకు వేయగా మిగిలిన తెల్లగుడ్డను అక్షరాలుగా కత్తిరించింది. ఒక్కొక్క అక్షరాన్నీ చుట్టూ మడిచి, చొక్కా కాలరు కుట్టినంత శ్రద్ధగా కుట్టింది. 'ఈ కాలువ మీద మూత పడేదాకా ఈ ఇంటి ఓటు ఎవరికీ లేదు.' కిటికీ బయట కట్టింది.

"కుట్టు బాగుంది, చదివేవాడేడీ?" అన్నాడు మామయ్య. నిజమే. మా వీధి చివర రోడ్డు ఆగిపోతుంది. రోజూ చదివేది పాలవాడు, పక్కింటి అక్క, మందుల షాపతను. వాళ్లకు ఆ సంగతి ముందే తెలుసు.

ఇంకొకరు కూడా చదివారని నోటీసు వచ్చాక తెలిసింది. తెచ్చింది ఇన్‌స్పెక్టరు. మంచి భారీ మనిషి. చెక్క మీద ఒక కాలు మోపాడు. అది మూలిగింది. కాలు వెనక్కి తీసుకుని, నోటీసును గొడుగు కొనకు గుచ్చి కాలువ మీదుగా చాచాడు.

"ప్రైవేటు ఆస్తుల మీద రాజకీయ రాతలన్నీ తీసేయాలమ్మా. నగర సౌందర్యం."

"తీయకపోతే?"

"దుకాణం పర్మిషను రద్దవుతుంది. అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పుకోవచ్చు. ఎవరూ రారనుకోండి."

"నేనొస్తాను," అంది అత్తయ్య.

విచారణ గదిలో ఎత్తయిన బల్ల వెనక విచారణాధికారి, ఆయనకు కుడివైపు నగరం తరఫు వకీలు కూర్చున్నారు. మాకు బెంచీ చూపించారు. అత్తయ్య మడిచిన గుడ్డను ఒళ్లో పెట్టుకుంది.

"ఇది స్పష్టంగా రాజకీయ ప్రచారం," అన్నాడు వకీలు.

"ఏ పార్టీకండీ?" అంది అత్తయ్య.

వకీలు కాగితాలు తిరగేశాడు. "ఏ పార్టీకీ కాదు. అంటే అన్ని పార్టీలకూ వ్యతిరేకమన్నమాట. ఒక్క పార్టీకి వ్యతిరేకమైతే మిగతావాళ్లయినా మీ పక్కన ఉండేవాళ్లు."

"మరి మందుల షాపు మీద నవ్వుల సారు బొమ్మ ఉంది కదండీ. అదీ ప్రైవేటు బిల్డింగే."

"దాని మీద ఏముంది? 'అందరికీ నమస్కారం' అని ఉంది. అది మర్యాద."

"రెండంతస్తుల మర్యాద," అంది అత్తయ్య.

విచారణాధికారి దగ్గాడు. అది నవ్వో దగ్గో నాకు తెలియలేదు.

"నా ఇల్లు, నా కిటికీ, నా గుడ్డ. నా ఓటు సంగతి నేను రాసుకున్నాను. ఎవరినీ తిట్టలేదే?"

"ఇల్లు మీదేనమ్మా. కిటికీ మీదే. కనబడటం మాత్రం వీధిలోకి కనబడుతోంది. వీధి నగరానిది," అని వకీలు ఎంతో ఓపికగా వివరించాడు.

"కాలువ కూడా వీధిలోకే కనబడుతుందండీ."

"కాలువ ప్రైవేటు ఆస్తి కాదు. దానికి ఈ నిబంధన వర్తించదు."

దీనికి జవాబు ఎవరి దగ్గరైనా ఉంటుందని నేననుకోను. విచారణాధికారి అభ్యంతరాన్ని తోసిపుచ్చాడు. బయటికి వచ్చాక అత్తయ్య మెట్ల మీద కూలబడి చెప్పు సరిచేసుకుంది. చెప్పుకేం కాలేదు.

"దుకాణం పోతే తినేదేమిటి? ఇక కట్టొద్దులే అమ్మాయ్," అంది. ఇంటికి రాగానే గుడ్డను తిరిగి కట్టకుండా బీరువాలో పెట్టింది. మామయ్య అది చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నగర కార్యాలయానికి ఒక పద్ధతి ఉంది. ఎవరైనా అభ్యంతరం చెప్పి ఓడిపోతే, ఆ ఉత్తర్వును ఆ ఇంటి గోడకూ, ప్రతి వార్డు కార్యాలయం ముందూ, మార్కెట్లోనూ, బస్టాపుల్లోనూ అంటించాలి. ఇంకెవరూ ఎదురుతిరగకుండా చూసి నేర్చుకోవాలని దాని ఉద్దేశం. అందులో అభ్యంతరకరమైన రాతను అక్షరం పొల్లుపోకుండా, లావు అచ్చులో వేయాలి. లేకపోతే ఏ రాతను తీయమన్నారో మాకు తెలియలేదని రేపు ఎవరైనా అనొచ్చట.

అంటించేవాళ్లు చాలా శ్రద్ధగా పని చేశారు. ఒక్క బస్టాపును కూడా వదల్లేదు.

మామయ్యతో పనిచేసిన డ్రైవరు ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏం కండక్టరు గారూ, ఊరంతా మీ ఇల్లే! నా బస్సులో ఇద్దరు కొట్టుకున్నారు. మా వీధి కాలువ పెద్దదంటే మాది పెద్దదని!"

మామయ్య లేచి కూర్చున్నాడు. "టిక్కెట్లు తీసుకున్నారా వాళ్లు?"

చాలా రోజుల తర్వాత ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

ఆపైన జనం కాలువను చూడడానికి రావడం మొదలుపెట్టారు. ఇంతకుముందు కాలువను చూడనట్టే తొంగి చూసేవాళ్లు. నవ్వుల సారు ఏ వీధికి వెళ్లినా, కాలువ సంగతేమిటని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. నాలుగైదు రోజులకు ఆయన మళ్లీ వచ్చాడు. అదే నవ్వు. కాకపోతే ఒక పక్కకే ఉంది.

"అక్కా, ఆ గోడ మీది కాగితం చించేయరాదూ?"

"అమ్మో, ఉత్తర్వు చించితే నేరమని కిందే రాశారు. చదవండి."

"మీరు గుడ్డ తీసేశారు కదా! ఇంకా అదెందుకు?"

"తీసేశాను బాబూ, ఆ రోజే తీసేశాను. ఇన్‌స్పెక్టరు గారు స్వయంగా ఇంట్లోకి వచ్చి, గదులన్నీ చూసి సంతకం పెడితే అన్నిచోట్లా తీసేస్తారట. అదీ కిందే రాశారు."

నవ్వుల సారు ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఇన్‌స్పెక్టరు చెక్క ముందు నిలబడ్డాడు. పక్కగా నడవబోయాడు. బూట్లు విప్పి మళ్లీ ప్రయత్నించాడు. చెక్క మధ్యలో వంగి నీటిని తాకింది. ఆయన వెనక్కి గెంతాడు.

"ఇక్కణ్ణుంచే చూసి సంతకం పెట్టండి," అని నవ్వుల సారు పళ్లు బిగించాడు.

"లోపలికి వెళ్లి చూడాలని రాసి ఉంది సార్. రేపు ఎవరైనా అడిగితే నా ఉద్యోగం పోతుంది."

"ఉత్తర్వు అంటించినవాడు దాటాడు కదయ్యా?"

"వాడు సన్నంగా ఉంటాడు సార్. కానీ వాడికి అంటించే అధికారమే ఉంది, చూసే అధికారం లేదు."

కిటికీలోంచి మామయ్య తల బయటపెట్టాడు. "సారూ, నేను చెయ్యి పట్టుకుంటాను, రండి. కాకపోతే నాకూ ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి."

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది. కాంక్రీటు పలకలు దించారు. నెలల తరబడి పరిశీలనలో ఉన్న పని మధ్యాహ్నం భోజనాల లోపే అయిపోయింది. కాగితాల మీద మాత్రం దాన్ని కాలువకు మూత అని రాయలేదు. 'తనిఖీ నిమిత్తం దారి' అని రాశారు. ఇన్‌స్పెక్టరు దర్జాగా నడిచి వచ్చాడు, గదులు చూశాడు, మంచం కింద కూడా వంగి చూశాడు. ఇంట్లో ఎక్కడా రాజకీయం కనబడలేదని ధ్రువీకరించి సంతకం పెట్టాడు. ఉత్తర్వును గోడమీంచి పీకేశాడు. నగరం పూర్తిగా గెలిచింది.

ఆయన వెళ్లగానే పక్కింటి అక్క చంకలో గుడ్డ పెట్టుకుని వచ్చింది.

"చూశావా వదినా, నీ గుమ్మం ఎంత ఉందో అంతే కొలిచి వేశారు! నా గుమ్మం దగ్గర ఒక్క పలకైనా వేయలేదు. తనిఖీ మీ ఇంట్లోనేనట."

"అయితే ఏం చేద్దామంటావు?"

"నాకూ ఒకటి కుట్టిపెట్టు. నీలం మీద పసుపు బాగుంటుందా?"

"తెలుపే బాగా కనబడుతుంది. నీకు దుకాణం లేదు గనక నిన్ను బెదిరించడానికి వాళ్లు ఇంకేదన్నా వెతుక్కోవాలి. విచారణకు నేనూ వస్తాలే. ఆ వకీలును నాకు వదిలేయ్." అత్తయ్య గుడ్డను బల్ల మీద పరిచి సుద్దముక్కతో గీతలు గీసింది.

"ఇంతకీ మీ ఇంటి ఓటు ఇప్పుడు నవ్వుల సారుకేనా?"

"పలకలు ఆయన వేశాడా? తనిఖీ వాళ్లు కదా వేసింది. ఏమండీ, మీరేమంటారు?"

జవాబు రాలేదు. గీయడం ఆపి చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది. గోడకు ఆనించి ఉండే కర్ర లేదు.

అత్తయ్య గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. ఆమె వెనకే నేనూ వెళ్లాను. మామయ్య మందుల షాపు ముందు, నవ్వుల సారు బొమ్మ కింద నిలబడి ఉన్నాడు. కర్ర మీద బరువు మోపి, రెండో చెయ్యి తిప్పుతూ, షాపతనితో ఏదో గట్టిగా వాదిస్తున్నాడు. షాపతను తప్పించుకోవడానికి చూస్తున్నాడు.

"ఏమం..." అని పిలవబోయి అత్తయ్య ఆగిపోయింది. చేతిలోని సుద్దముక్క గట్టిగా పట్టుకుని, ఆ పలకల మీదే కూర్చుంది.