మంచులో పాతిన కర్ర

నేను ఒక వెదురు కర్రను. నాతో పుట్టినవాళ్లలో కొందరు నిచ్చెనలయ్యారు, కొందరు బుట్టలయ్యారు. నన్ను మాత్రం హిమాచల్‌లోని లాహౌల్ కొండల మీదికి మోసుకుపోయి, హిమనదిలో నిలువునా రంధ్రం తొలిచి, తల ఒక్కటే కనిపించేలా దింపారు. ఆ మంచు ఏటా ఎంత కరుగుతోందో నన్ను చూసి తెలుసుకోవాలట.

దింపినవాళ్లు ఇద్దరూ తెలుగువాళ్లే. పరిశోధకురాలు సువర్చల, ఆమె సహాయకుడు కోటిలింగం. బాపట్ల సముద్రగాలికి పెరిగిన కోటిలింగం మఫ్లరు మీద మఫ్లరు చుట్టుకునేవాడు. మంచు కరిగిపోతోందని బాధపడుతూనే, కాస్త ఎండ రావాలని మొక్కుకునేవాడు. మనుషులు అంతే.

ఏటా వేసవి చివర వచ్చి, నేను మంచు పైకి ఎంత తేలానో టేపుతో కొలిచేవారు. నేను పొడుగైనకొద్దీ సువర్చల ముఖం చిన్నబోయేది. ఎదిగితే మెచ్చుకోవాలి గాని నొచ్చుకుంటారా అని అలిగాను. ఎదిగింది నేను కాదని, చుట్టూ మంచే తరిగిందని తర్వాత తెలిసింది.

ఒక ఏడు వాళ్లు వచ్చేసరికి నేను పూర్తిగా ఊడి మంచు మీద పడి ఉన్నాను. నన్ను చూసిన కంగారులో సువర్చల ముందున్న మంచు గట్టిదో కాదో చూడకుండా అడుగేసింది. పైపొర విరిగి నడుము దాకా పగులులోకి దిగబడింది. కింద నీళ్ల హోరు. కోటిలింగం బోర్లా పడుకుని నన్ను ఆమెకు అందించాడు.

"మేడమ్, కర్ర పట్టుకోండి. వదలమాకండి."

ఆమె పట్టుకుంది. పట్టుకుని ఏమడిగిందో తెలుసా?

"కొలత తీసుకున్నావా?"

"కొలవటానికేం మిగల్లేదు మేడమ్. కర్ర మొత్తం బయటే పడుంది. ముందు మీరు పైకి రండి."

పైకొచ్చాక ఆమె చాలాసేపు ఏడ్చింది. చలికేమోననుకుని అతను తన మఫ్లరొకటి తీసి ఇచ్చాడు.

ఆ లాగుడుకు నేను నిలువునా చీలాను. ఇక కొలతకు పనికిరానని, కింద ఊళ్లో తాము బస చేసే ఇంటి అవ్వ డోల్మాకు ఇచ్చేశారు. ఆమె నన్ను బఠాణీ తీగకు ఊతంగా పాతింది. మడి మాత్రం నెర్రెలు విచ్చి ఉంది. మంచు వెనక్కి జరగడంతో వాగు దారి మార్చుకుందని, కాలువ మొదలు ఎండిపోయిందని సువర్చల తన వచ్చీరాని హిందీలో వివరించింది.

అవ్వ అంతా విని ఒక్కటే అడిగింది. "నా మనవరాలి కాలానికి నీళ్లుంటాయా?"

సభల్లో గంటలకొద్దీ మాట్లాడగలిగిన సువర్చల రెండు ముక్కల్లో చెప్పింది. "తగ్గుతాయి అవ్వా. బాగా తగ్గుతాయి."

"అయితే కాలువను ఇంకా పైనుంచి తవ్వుకోవాలి," అని అవ్వ పార అందుకుంది. ఊరంతా కదిలింది. సువర్చల, కోటిలింగం తిరుగు ప్రయాణం మానుకుని వాళ్ల వెంట నడిచారు. చేతులు బొబ్బలెక్కేదాకా తవ్వాక, ఒక మధ్యాహ్నం కాలువలో బురదనీరు మెల్లగా పాకుతూ వచ్చింది. డోల్మా ఆ నీటిని వంతు ప్రకారం ముందు పక్కవాళ్ల మడిలోకి మళ్లించి, తన వంతు కోసం గట్టు మీద కూర్చుంది.