నీడ పడొద్దు

సుక్కమ్మ బకెట్లో గుడ్డ ముంచి, పిండి, మూడో వరుస సోలార్ పలకల మీద దుమ్ము తుడుస్తోంది. మేడ మీద సిమెంటు అప్పటికే పెనంలా కాలుతోంది. అరిగిన రబ్బరు చెప్పుల్లోంచి సెగ అరికాళ్ళకు తగులుతోంది. మోచేతుల దాకా చర్మం నల్లగా కమిలిపోయింది; వేళ్ళ సందులు మాత్రం నీళ్ళకు నాని తెల్లబడ్డాయి.

ఇబ్రహీంపట్నం శివారులోని ఆ ఇంజినీరింగ్ కాలేజీకి ఈ పలకలంటే ప్రాణం. పైన ఎండని కరెంటు చేసే అద్దాలు, వాటి వీపుకు అంటించిన, వేడిని కూడా కరెంటు చేసే బిళ్ళలు, ఆ కింద మిగిలిన వేడిని లాక్కునే నీళ్ళ గొట్టాలు. ఒకే ఎండని మూడుసార్లు పిండుకునే ఏర్పాటు. పలక మరీ వేడెక్కితే కరెంటు తగ్గుతుందట. అందుకని దాని వీపు కింద పొద్దంతా చల్లటి నీళ్ళు పారుతుంటాయి. మనిషి వీపు సంగతి ఎవడికి పట్టింది!

పొద్దున్నే పిట్టగోడకు పాత చీరను పందిరిలా కట్టింది సుక్కమ్మ, కాసేపు దాని కింద కూర్చుని మంచినీళ్ళు తాగొచ్చని. ఈ పలకల బాధ్యత చూసే రత్నాకర్ సారు పైకి వస్తూనే దాన్ని ఊడబెరికాడు.

"ఏందిది? మూల పలక మీద నీడ పడుతది. ఒక్కదాని మీద పడ్డా వరుస మొత్తం దెబ్బతింటది. మన మిషన్ ఎంత కరెంటు తీస్తదో చూసెటోళ్ళు మధ్యాహ్నం వస్తున్నరు."

"జరసేపు సారూ. నెత్తి తిరుగుతున్నది."

"ఇయ్యాల ఒక్కరోజు ఓర్చుకో. కిందికి పోకు, దుమ్ము ఆగనియ్యకు."

సుక్కమ్మకు ఒళ్ళు మండింది. కొంగరకలాన్ పొలాలు ప్లాట్లయ్యేదాకా ఆమె నాట్లు వేసింది, కలుపు తీసింది, తిట్లు తింది. మొగుడు పోయినా, మోకాళ్ళు అరిగినా పని మానలేదు. కానీ నీడ అడుక్కోవాల్సిన రోజు ఎన్నడూ రాలేదు.

"మా పటేలు నోరు తెరిస్తే బూతులే సారూ," అంది, చీర మడత పెడుతూ. "గసొంటోడు గూడ ఎండ నడినెత్తికి రాంగనే చెట్టు కిందికి పొమ్మంటుండె. మీరు సదువుకున్నోళ్ళు."

సారు ఫోను చూసుకుంటూ మెట్లు దిగిపోయాడు. సిగ్గుండాలి.

మధ్యాహ్నం అతిథులు వచ్చారు. కింద ఏసీ గదిలో తెర మీద అంకెలు చూసి చప్పట్లు కొట్టారు. ఒక్కడూ మేడ ఎక్కలేదు. పైన సుక్కమ్మ చివరి వరుస దగ్గర ఆగి, తడిగుడ్డ మూల పలక మీదే వదిలేసి, దాని అంచు పట్టుకుంది. మెల్లగా కూర్చుంది. తర్వాత పక్కకు ఒరిగింది.

తోటి పనిమనిషి కరుణ అన్నానికి పిలుద్దామని వచ్చి చూసింది. ఒళ్ళు కాలిపోతోంది, చెమట చుక్క లేదు.

"అక్కా! లే అక్కా!"

దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది.

సాయంత్రం సుక్కమ్మ చీర, సద్దిగిన్నె తీసుకుపోవడానికి కరుణ మళ్ళీ మేడెక్కింది. రత్నాకర్ అక్కడే ఉన్నాడు. మధ్యాహ్నం నుంచి చివరి వరుస కరెంటు పడిపోయిందట, కారణం వెతుక్కుంటున్నాడు. మూల పలక మీద తుడిచే గుడ్డ కనబడింది. తీయబోయాడు.

"ముట్టకు!" కరుణ అరుపుకు అతని చెయ్యి ఆగిపోయింది. "బతికున్నప్పుడు ఆమె నీడ గుంజుకుంటివి. ఇప్పుడు గుడ్డ మీద పడ్డవా? ముట్టినవంటే మర్యాద దక్కదు!"

అతను తల వంచుకుని దిగిపోయాడు. కరుణ చీరను గుండెలకు అదుముకుని ఏడ్చింది.

ఎండ ఇంకా చావలేదు. పలక మూలన సుక్కమ్మ గుడ్డ అట్టలా బిగుసుకుపోయింది, జానెడు నీడని కింద పట్టుకుని.